మూడు రోజుల మాలగా: ఎండ గంటల లెక్క

నమస్కారం. జర్మనీలో చదువుకుంటున్నవారు, ఉద్యోగాల్లో ఉన్నవారు ఫిబ్రవరి వచ్చేసరికి నన్ను తరచుగా ఒకే ప్రశ్న అడుగుతున్నారు. ఎండ మొహం చూసి నెలలు గడిచాయి, తక్కువ ఖర్చుతో మూడు రోజులు ఎక్కడికి వెళ్లి రావచ్చు అని. స్పెయిన్ దక్షిణ తీరంలో, మధ్యధరా సముద్రపు ఒడ్డున ఉన్న మాలగా నగరం పేరే నేను చెబుతాను. ఆ ప్రయాణాన్ని ఎలా లెక్క వేసుకోవాలో ఈ వీడియోలో వివరిస్తాను.

మొదటిసారి నేను 19 యూరోల టికెట్టు కనిపించగానే వెనకాముందు చూడకుండా కొనేశాను. విమానాశ్రయానికి రానుపోను బస్సు ఛార్జీయే టికెట్టు ధరను దాటింది. విమానం మాలగాలో దిగేసరికి రాత్రి పదకొండున్నర అయింది కనుక ఆ రాత్రి హాస్టలుకు కట్టిన డబ్బు నిద్రకే సరిపోయింది. తిరుగు విమానం మూడో రోజు ఉదయం ఏడు గంటలకే కావడంతో పేరుకు మూడు రోజులైనా ఎండలో నిలబడింది ఒక్క రోజే. అప్పటినుంచి టికెట్టు, సంచి, బస్సు, బస అన్నీ కలిపి, వచ్చిన మొత్తాన్ని ఊళ్లో నాకు దక్కే పగటి గంటలతో భాగించి చూస్తున్నాను. అలా చూస్తే 19 యూరోల టికెట్టు కంటే 60 యూరోల టికెట్టే చౌకగా తేలిన సందర్భాలున్నాయి.

ఇందులో బయలుదేరే చోటు ముఖ్యం. ఫ్రాంక్‌ఫర్ట్-హాన్ విమానాశ్రయం ఫ్రాంక్‌ఫర్ట్ నగరానికి సుమారు 120 కిలోమీటర్ల దూరంలో ఉంది, అక్కడికి రైలు లేదు. మ్యూనిక్ వారికి మెమ్మింగెన్ విమానాశ్రయం కూడా వంద కిలోమీటర్లు దాటిన దూరమే, కాకపోతే ఆ ఊరి వరకు రైలుంది.

ఇక పగటి గంటల విషయంలో మాలగాకు ఒక చిత్రమైన సౌకర్యం ఉంది. స్పెయిన్ గడియారం జర్మనీ గడియారంతో సమానంగా నడుస్తుంది, ఊరు మాత్రం బాగా పడమరన ఉంది. అందువల్ల ఫిబ్రవరి మధ్యలో అక్కడ ఉదయం ఎనిమిది దాటాక గాని సూర్యుడు ఉదయించడు, సాయంత్రం దాదాపు ఏడింటి వరకు అస్తమించడు. అంటే తెల్లవారుజామున బయలుదేరి తొమ్మిదిన్నరకు దిగే విమానంలో వెళ్తే మీరు పోగొట్టుకునే ఎండ దాదాపు లేనట్టే. తిరుగు ప్రయాణం రాత్రి తొమ్మిది ప్రాంతంలో ఉంటే ఇంకా మంచిది. విమానాశ్రయం నుంచి సి-1 లోకల్ రైలు ఇరవై నిమిషాలకొకటి చొప్పున నడుస్తుంది, పన్నెండు నిమిషాల్లో ఊరి మధ్యలోని ఆలమేదా స్టేషనులో దింపుతుంది. టాక్సీ గురించి ఆలోచించనక్కర్లేదు.

సంచి దగ్గరే చాలామంది దెబ్బతింటారు. చౌక విమానాల్లో ఉచితంగా అనుమతించేది సీటు కింద పట్టే ఒక్క సంచినే. విజ్ ఎయిర్‌లో అది 40, 30, 20 సెంటీమీటర్లు, ఈజీజెట్‌లో 45, 36, 20. చక్రాలు, పిడి కూడా ఈ కొలతలోకే వస్తాయి. నేను ఒక అట్టపెట్టెను సరిగ్గా 40, 30, 20 కొలతకు కత్తిరించి అటకమీద ఉంచుకున్నాను. సర్దిన సంచిని అందులోకి దించి, పైన అరచేతితో అదిమి, అంచు దాటితే ఒక చొక్కా తీసేస్తాను. మరో మాట: ఆవకాయ సీసాను భద్రతా తనిఖీలో ద్రవపదార్థంగానే లెక్కిస్తారు, చాలా విమానాశ్రయాల్లో వంద మిల్లీలీటర్లు దాటితే అది అక్కడే ఉండిపోతుంది. కందిపొడి నిశ్చింతగా వెళ్తుంది.

జర్మనీ నివాస అనుమతి ఉన్నవారు ఏ 180 రోజుల్లోనైనా 90 రోజుల వరకు ఇతర షెంగెన్ దేశాల్లో, అంటే ఒకే వీసా చెల్లే యూరప్ దేశాల్లో, ఉండవచ్చు, వేరే వీసా అవసరం లేదు. అయితే పాస్‌పోర్టు, నివాస కార్డు రెండూ చేతిలో ఉండాలి. బ్రిటన్‌లో భారతీయ పాస్‌పోర్టుతో ఉన్నవారి పరిస్థితి వేరు: వారికి 90 యూరోల షెంగెన్ వీసా కావాలి కనుక వీసా చేతికందాకే టికెట్టు కొనాలి.

రోజులను ఎంచుకునేటప్పుడు ఆదివారం మధ్యాహ్నం ఊళ్లోనే ఉండేలా చూసుకోండి. పదకొండో శతాబ్దపు ముస్లిం పాలకుల కోట అల్కసాబాలోకి ఆదివారం రెండు గంటల తర్వాత ఉచితంగా వెళ్లవచ్చు, చిత్రకారుడు పికాసో పేరిట ఉన్న మ్యూజియంలో కూడా ఆదివారం చివరి రెండు గంటలు ప్రవేశం ఉచితమే. పికాసో 1881లో పుట్టింది ఈ ఊళ్లోనే. కోట పాదాల దగ్గరున్న రోమన్ రంగస్థలం 1951లో గాని బయటపడలేదు. దాని రాళ్లనూ స్తంభాలనూ కోట కట్టినవారు ఏనాడో పైకి మోసుకుపోయి వాడుకున్నారు, కోట ద్వారాల దగ్గర ఆగి చూస్తే ఆ పాత స్తంభాలు మీకే కనిపిస్తాయి. అతరసానాస్ కూరగాయల మార్కెట్టుకు ఆదివారం సెలవు, దాన్ని శనివారం ఉదయానికి పెట్టుకోండి.

శాకాహారులు ఇక్కడ ఆకలితో తిరగనక్కర్లేదు. వంకాయ ముక్కలను పిండిలో ముంచి వేయించి, పైన నల్లని చెరకు పాకం ధారగా పోసి ఇస్తారు. మన వంకాయ బజ్జీ మీద బెల్లం పాకం పోసినట్టే ఉంటుంది, మొదటి ముక్కకు వింతగా అనిపించినా నేను రెండో పళ్లెం తెప్పించుకున్నాను. ఆ పాకాన్ని ఇప్పటికీ దగ్గరలోని ఫ్రిహిలియానా గ్రామంలో తయారుచేస్తున్నారు.

సముద్ర స్నానం మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. జిబ్రాల్టర్ జలసంధి గుండా అట్లాంటిక్ నీళ్లు వచ్చి చేరడం వల్ల ఈ తీరం మధ్యధరాలోని మిగతా చోట్ల కంటే చల్లగా ఉంటుంది, ఫిబ్రవరిలో నీటి ఉష్ణోగ్రత 15 డిగ్రీల దగ్గరే ఉంటుంది. ఒడ్డున పగటివేళ 17, 18 డిగ్రీల ఎండలో కూర్చోవడానికే ఈ ప్రయాణం. ఆగస్టులో నీళ్లు కాస్త వెచ్చబడతాయి గాని ఊరి జాతర కూడా అప్పుడే జరుగుతుంది, గదుల అద్దెలు మండిపోతాయి.

చివరి రోజును నేను పెద్రెగలేహో తీరానికి వదిలేస్తాను. ఇసుక నింపిన పాత పడవలో చితుకులు మండించి, ఒక్కో పుల్లకు వరుసగా గుచ్చిన సార్డిన్ చేపలను, అంటే మన నూనె కవళ్ల వంటివాటిని, నిప్పుకు ఏటవాలుగా నిలబెట్టి కాలుస్తారు. తొమ్మిదింటి విమానానికి ఆరుంపావు వరకు అక్కడ కూర్చోవచ్చు. 11వ నంబరు బస్సు ఆలమేదాకు చేరుస్తుంది, అక్కడినుంచి మళ్లీ సి-1 రైలే.