స్కెచప్‌లో వాలు నేల మీద నడక దారి: డ్రేప్ ఒక్కటే ఎందుకు చాలదు

నమస్కారం. స్కెచప్ అనే త్రీడీ డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో వాలు నేల మీద నడక దారి గీద్దాం. నేల మోడల్ ఇప్పటికే రెడీగా ఉంది, చూడండి. కాంటూర్ గీతలన్నీ, అంటే ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీతలన్నీ, సెలెక్ట్ చేసి శాండ్‌బాక్స్ అనే నేల టూల్స్‌లో ఫ్రమ్ కాంటూర్స్ నొక్కితే వచ్చిందే ఇది. గ్రూప్ చేసి పెట్టాను. శాండ్‌బాక్స్ టూల్‌బార్ కనపడకపోతే వ్యూ మెనూలో టూల్‌బార్స్‌కి వెళ్లి టిక్ పెట్టుకోండి.

దారి గీత నేలకి పైన, గాల్లో, చదునుగా గీస్తున్నా. వంపు గీసే ఆర్క్ టూల్, కీబోర్డులో ఏ. రేడియస్ 12 మీటర్లు, పొడవు దాదాపు 24. ఎఫ్ నొక్కి ఆఫ్‌సెట్, అంటే సమాంతర గీత, ఇటు 900, అటు 900. వెడల్పు 1800 మిల్లీమీటర్లు. రెండు కొసలూ లైన్ టూల్, ఎల్‌తో కలిపేయండి. అయింది.

ఇప్పుడు చాలామంది ఏం చేస్తారంటే, దీన్ని తిన్నగా డ్రేప్ చేసి, అంటే పైనున్న గీతల్ని నేల మీదకి దించేసి, రంగు పోసేస్తారు. పైనుంచి చూస్తే బానే ఉంటుంది. ఇదిగో, పక్కనుంచి చూద్దాం. నేల అడ్డంగా 20 శాతం వాలుతో ఉంటే, 1.8 మీటర్ల వెడల్పుకి ఒక అంచు కన్నా రెండో అంచు 36 సెంటీమీటర్లు కింద! దాని మీద చక్రాల కుర్చీ పోదు, మామూలు మనిషి కూడా పక్కకి ఒరిగిపోతూ నడవాలి. దారికి అడ్డవాలు 2 శాతం చాలు, అదీ నీళ్లు పోవడానికి. అంటే 1.8 మీటర్లకి 36 మిల్లీమీటర్లే. 36 సెంటీమీటర్లు కాదు, 36 మిల్లీమీటర్లు. అందుకే దారిని విడిగా కట్టి, నేలని దాని దగ్గరికి తెస్తాం.

ముందు ఈ చదును గీతల కాపీ ఒకటి పక్కన పెట్టుకోండి, తర్వాత కావాలి. అసలుదాంట్లో మధ్యగీత తీసేసి, ఆర్క్‌లో 12 ముక్కలుంటాయి కాబట్టి, లోపలి మూలకి బయటి మూల ఎదురుగా అడ్డగీతలు వేయండి. కొసలతో కలిపి 13.

ఇక్కడ ఆగండి. ఈ స్టెప్ వదిలేస్తే తర్వాతేదీ పనిచేయదు. ఆర్క్ మీద రైట్ క్లిక్, ఎక్స్‌ప్లోడ్ కర్వ్. రెండు ఆర్క్‌లకీ చేయాలి, లోపలిదానికీ, బయటిదానికీ. ఎందుకంటే స్కెచప్‌కి ఆర్క్ మొత్తం ఒకే వస్తువు, మధ్యలో ఒక్క మూలని పైకి లేపుతానంటే మాట వినదు. ఎక్స్‌ప్లోడ్ చేశాక దేనికది విడి గీత. ఒక ముక్క మీద క్లిక్ చేసి చూడండి, అదొక్కటే నీలం అవ్వాలి. మొత్తం వంపు నీలం అయితే ఎక్స్‌ప్లోడ్ అవలేదన్నమాట.

ఇప్పుడు పల్లం వైపు అంచు గీతలు 12 పట్టుకుని, మూవ్ టూల్, ఎమ్, పై బాణం కీతో నిలువుకి లాక్ చేసి, 36 మిల్లీమీటర్లు కిందకి. అడ్డవాలు వచ్చేసింది.

తర్వాత ఎక్కుడు. 1:20, అంటే 5 శాతం అనుకుంటే రెండు మీటర్ల ముక్కకి 100 మిల్లీమీటర్లు. కానీ లోపలి అంచు పొడవు 22.2 మీటర్లే, అక్కడ అదే ఎక్కుడు 5.4 శాతం అవుతుంది. వంపు దారిలో ఎప్పుడూ లోపలి అంచునే లెక్కలోకి తీసుకోండి. నేను 90 పెడుతున్నా. మొదటి అడ్డగీత వదిలి మిగతా 12 సెలెక్ట్ చేసి 90 పైకి. రెండోది షిఫ్ట్‌తో వదిలేసి మళ్లీ 90. మూడోది వదిలి మళ్లీ 90. ప్రతిసారీ అదే అంకె, 180, 270 అని కూడుకునే పని లేదు. చివరికి 1080 ఎత్తు. మధ్యలో ఏటవాలు గీతలు వచ్చాయి కదా, రానివ్వండి, ముఖాలు మెలితిరిగాయి కాబట్టి త్రిభుజాలు తప్పవు. ఆ గీతలు కనపడకుండా సాఫ్టెన్ చేసేయండి.

మందానికి పుష్‌పుల్, అంటే ముఖాన్ని లాగి మందం ఇచ్చే టూల్, వాడొద్దు. ఒక్కో త్రిభుజం దాని దిక్కులో అది పోయి సందులు పడతాయి. కంట్రోల్ నొక్కి మూవ్‌తో 150 కిందకి కాపీ చేసి, అంచులు నిలువుగా మూయండి. జాయింట్ పుష్‌పుల్ ఎక్స్‌టెన్షన్‌లో వెక్టర్ మోడ్ ఉంటే ఇంకా హాయి, నాకు అదే ఇష్టం.

ఇక నేల. పక్కన పెట్టిన కాపీని అటూ ఇటూ 600 ఆఫ్‌సెట్ చేసి, దాన్ని డ్రేప్ చేయండి. 600 ఎలా వచ్చిందంటే, మధ్యలో దారీ నేలా ఒకే ఎత్తులో ఉంటే అంచు దగ్గర తేడా సుమారు 18 సెంటీమీటర్లు. దారి అంచుని నేలతో కలిపే గట్టు 1:2 వాలుతో, అంటే 50 శాతంతో పోతే, 20 శాతం నేలని 60 సెంటీమీటర్లలో అందుకుంటుంది. తేడా ఎక్కువున్న చోట గట్టూ వెడల్పవ్వాలి. నేల గ్రూప్ తెరిచి ఆ లోపలి ముఖం తీసేయండి. ఆ ముఖం క్లిక్ చేస్తే నేలంతా సెలెక్ట్ అవుతోందా? డ్రేప్ గీత ఎక్కడో మూసుకోలేదు, ఎక్కువగా కొసల దగ్గరే.

రంధ్రం అంచు, దారి అంచు రెండూ పట్టుకుని ఫ్రమ్ కాంటూర్స్, ఒక్కో వైపు విడివిడిగా. వంపు లోపల అక్కర్లేని ముఖాలు కూడా పుడతాయి, దాగిన గీతలు చూపించే హిడెన్ జామెట్రీ ఆన్ చేసి ఏరేయండి.

పేవింగ్ టెక్స్చర్‌కి, చదును ముఖానికి పూసి, రైట్ క్లిక్‌లో టెక్స్చర్, ప్రొజెక్టెడ్. పెయింట్ టూల్, బి నొక్కి ఆల్ట్‌తో శాంపిల్ తీసి దారి మీద పోయండి. కాకపోతే రాళ్ల వరస వంపుతో తిరగదు, ఒకే దిక్కున ఉంటుంది. తిరగాలంటే త్రూపెయింట్ అనే ఎక్స్‌టెన్షన్ కావాలి.