దొడ్డికాళ్లు, లివర్‌లో రాగి

(అమలాపురంలో ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంల ముందు ఒక ఎముకల డాక్టరు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. భోజనాలయ్యాక ఎముకల డాక్టరు మైకు పట్టుకుంటే కళ్లు మూతలు పడతాయని తెలుసు. అందుకని సూటిగా విషయంలోకి వస్తాను.

పదేళ్లు దాటిన పిల్లాడికి దొడ్డికాళ్లు వస్తున్నాయి. నడిస్తే మోకాళ్ల నొప్పి. చిన్న దెబ్బకే చెయ్యి విరిగింది. మనం ఏం చేస్తాం? కాల్షియం, విటమిన్ డి ఇస్తాం. చాలామందికి అది సరిపోతుంది. కొద్దిమందికి మాత్రం ఎన్ని సీసాలు తాగించినా కాళ్లు అలాగే ఉంటాయి. వాళ్లలో ఒకరిద్దరికి అసలు గొడవ లివర్‌లో ఉండొచ్చు. దాన్ని విల్సన్ జబ్బు అంటారు. 1912లో కిన్నియర్ విల్సన్ అనే డాక్టరు దీని గురించి వివరంగా రాశాడు. సుమారు 30,000 మందిలో ఒకరికి వస్తుందని లెక్క.

తిండిలో వచ్చే రాగి, అంటే కాపర్ లోహం, ఒంటికి కొంచెమే కావాలి. మిగిలినదాన్ని లివర్ పైత్యరసంలో కలిపి బయటికి పంపేస్తుంది. ఆ పని చేయించే జన్యువు పుట్టుకతోనే పాడైతే, గుర్రపుడెక్క పట్టి డ్రెయిన్ పూడినప్పుడు మన చేలు మునిగినట్టు, రాగి ముందు లివర్‌లో నిలబడిపోతుంది. తర్వాత మెదడుకీ, కళ్లకీ, కిడ్నీలకీ చేరుతుంది.

ఎముకలకు పెద్ద దెబ్బ కిడ్నీల వైపు నుంచే. రక్తం వడగట్టాక కిడ్నీలోని సన్నటి గొట్టాలు ఫాస్ఫరస్‌ను తిరిగి లోపలికి లాక్కోవాలి. రాగి పేరుకుంటే ఆ గొట్టాలు పాడై ఫాస్ఫరస్ మూత్రంలో పోతుంది, కాల్షియం కూడా కొంత పోతుంది. ఎముక గట్టిపడటానికి రెండూ కావాలి కదా! అందుకే కాళ్లు వంగుతాయి. పైగా విటమిన్ డిని ఒంటికి పనికొచ్చేలా మార్చే మొదటి మెట్టు లివర్‌లోనే ఉంది. ఆ లివరే చెడితే మనం ఇచ్చిన డి పూర్తిగా అక్కరకు రాదు. పెద్దవాళ్లలో ఎముకలు గుల్లబారతాయి, చిన్న వయసులోనే మోకీళ్లు అరుగుతాయి. చేతులు వణికి, నడక తూలేవాళ్లు పడి ఎముకలు విరగ్గొట్టుకుంటారు.

మీరు ఇంటింటికీ తిరిగేవాళ్లు, మాకు తెలియనివి మీకు తెలుస్తాయి. ఆ పిల్లాడికి ఎప్పుడైనా కామెర్లు వచ్చాయా? పసరు మందుతో తగ్గిపోయాయని వదిలేశారా? మాట ముద్దగా వస్తోందా? రాత బాగా చెడిందా? అమ్మానాన్నలది మేనరికమా? ఈ ప్రశ్నలు అడగండి. మేనరికం లేని ఇళ్లలోనూ ఈ జబ్బు వస్తుంది, కాబట్టి ఆ తల్లిని ఎవరూ నిందించకుండా చూడండి. తల్లీ తండ్రీ ఇద్దరూ ఆ జన్యువు మోస్తుంటే ప్రతి కాన్పుకూ 25 శాతం ముప్పు ఉంటుంది. అందుకే ఒకరికి తేలితే, దిట్టంగా కనిపించే అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ పరీక్ష చేయించాల్సిందే.

పరీక్షల్లో జనం తప్పు చేసేది 24 గంటల మూత్రం దగ్గర. పొద్దున లేవగానే మొదటిసారి పోసింది పారబోయాలి. అక్కడి నుంచి మర్నాడు పొద్దున మొదటిసారి పోసినదానితో సహా ప్రతి చుక్కా ల్యాబ్ ఇచ్చిన క్యాన్‌లోకే పోవాలి. మధ్యలో ఒకసారి బడి బాత్రూమ్‌కి వెళ్లొచ్చినా లెక్క తప్పుతుంది. రక్తంలో రాగిని మోసే సెరులోప్లాస్మిన్ అనే ప్రోటీన్ ఎంతుందో చూస్తారు. కంటి డాక్టరు స్లిట్ ల్యాంప్‌తో నల్లగుడ్డు అంచున గోధుమరంగు వలయం కోసం వెతుకుతారు. అది లేనంత మాత్రాన జబ్బు లేదని కాదు.

మందులు ఉన్నాయి, బతికినంత కాలం వాడాలి. రాగిని మూత్రంలో బయటికి పంపే పెనిసిల్లమిన్ అనే మందు పరగడుపున వేసుకోవాలి, ఐరన్ మాత్రతో కలిపి మింగకూడదు. ఏళ్ల తరబడి వాడితే ఎముకల్లోని కొల్లాజెన్ అనే ప్రోటీన్ మీద దాని ప్రభావం పడొచ్చు. అందుకని ఎముకల సాంద్రత చూపించుకోవాలే గానీ, మందు ఆపకూడదు. హఠాత్తుగా ఆపి లివర్ చెడి ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లున్నారు. కిడ్నీ నుంచి ఫాస్ఫరస్ పోతున్నవాళ్లకు అది విడిగా ఇస్తారు, విటమిన్ డి కూడా కలుపుతారు.

తిండి సంగతి ఎలాగూ అడుగుతారు. మొదటి ఏడాది రొయ్యలు, పీతలు, కార్జం, జీడిపప్పు, చాక్లెట్ మానాలి. మన కోనసీమలో రొయ్యలు మానమంటే ఇంట్లో యుద్ధమే, తెలుసు! రాగి బిందెలో నిలవుంచిన నీళ్లు మాత్రం ఎప్పటికీ వద్దు.

రిఫర్ చీటీలో 'దొడ్డికాళ్లు' అని ఒక్క మాట రాసి పంపకండి. కామెర్ల సంగతి, వణుకు సంగతి, మేనరికం సంగతి, తోబుట్టువులెందరో కూడా రాయండి. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండమ్మా.