మేము దాటిన కనుమ

(కోనసీమలోని ఒక గ్రంథాలయ వార్షికోత్సవ సభలో ఒక విశ్రాంత నీటిపారుదల ఇంజినీరు చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, నాకంటే ముందు మాట్లాడి నా సమయంలో సగం వాడుకున్న మిత్రులకు, ఎదురుగా కూర్చున్న సోదర సోదరీమణులకు, కిటికీల బయట సైకిళ్ళ మీద ఆగి వింటున్న పిల్లలకు నమస్కారం. హిమాలయాలను నేను మొదటిసారి చూసింది ఈ గ్రంథాలయంలోని అట్లాసులోనే. ఆ అట్లాసు ఇప్పుడు లేదు, చెదలు తిన్నాయట. ఇక్కడి బీరువాల గురించి నాకు పాత ఫిర్యాదు ఒకటి ఉంది. ఇవాళ్టికి దాన్ని వదిలేస్తున్నాను.

ముందు బయట కట్టిన ఆ ఫ్లెక్సీ సంగతి తేల్చుకోవాలి. 'హిమగిరి శిఖరాన్ని అధిరోహించిన మన ఊరి ఆణిముత్యం' అని రాసి నా బొమ్మ వేశారు. నా చేతికి మంచు గొడ్డలి తగిలించారు. నేను పట్టిన ఆయుధమల్లా కొబ్బరికాయలు కొట్టే కత్తే. వెనక ఉన్న కొండ ఎవరెస్టు, 8,849 మీటర్లు. మేము వెళ్ళింది హిమాచల్ ప్రదేశ్‌లోని హంప్టా కనుమకు. దాని ఎత్తు సుమారు 4,270 మీటర్లు, ఎవరెస్టులో సగం కూడా లేదు. పైగా కనుమ అంటే శిఖరం కాదు, రెండు కొండల మధ్య దారి ఇచ్చే చోటు. శిఖరాలు ఎక్కినవారు మన తెలుగువారిలో వేరే ఉన్నారు. నెల్లూరు జిల్లా నుంచి వెళ్ళిన మల్లి మస్తాన్ బాబు 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలు ఎక్కారు. 2015లో ఆండీస్ పర్వతాల్లోనే ప్రాణం వదిలారు. మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్ళయినా నిండకుండా, ఎవరెస్టు మీద నిలబడింది. ఆ మాట రాయవలసింది వాళ్ళ బొమ్మల కింద. ఫ్లెక్సీలో ఇంకో తప్పు కూడా ఉంది. దాన్ని చివర చెబుదామనే కాగితం మీద రాసుకున్నాను.

మా శాఖలో ఎత్తు అంటే సముద్ర మట్టం నుంచి కొలిచేదే. ముప్పై నాలుగేళ్ళు అంగుళాల కోసం రైతులతో పోట్లాడాను. మన డెల్టా కాలువకు మైలుకు కొన్ని అంగుళాల వాలు దొరికితే అదే భాగ్యం. పై ఊరివాళ్ళు అడ్డుకట్ట వేసి నాలుగు అంగుళాలు ఎత్తారంటే కింది ఊరి చేలు ఎండుతాయి, తలలు పగులుతాయి. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి ధవళేశ్వరం ఆనకట్ట ముగించాడు. నీటిని కాస్త ఎత్తి, ఇక పల్లానికి నీ దారిన నువ్వు పొమ్మన్నాడు. మన అన్నమంతా ఆ కాస్త ఎత్తులోనే ఉంది. ఊరి మట్టం పట్టుమని పది మీటర్లు లేని ఇలాంటి నేల మీద పుట్టినవాణ్ణి అరవై మూడో ఏట, మా ఆవిడతో కలిసి నాలుగు వేల మీటర్లకు బయలుదేరాను. మూడేళ్ళ కిందటి జూన్ అది. నడక మిత్రులు శాలువా కప్పి, దండ వేసి రైలెక్కించారు. ఆ శాలువా మాట గుర్తుపెట్టుకోండి.

మమ్మల్ని తీసుకువెళ్ళిన సంస్థ పేరు చెప్పను. కరపత్రంలో 'అందరికీ అనువైన సులభ యాత్ర' అని ఉంది. మనాలిలో ఒక రోజు విశ్రాంతి అని కూడా ఉంది. మనాలి ఎత్తు సుమారు 2,050 మీటర్లు. మనలాంటి పల్లపు మనుషులకు ఆ రోజు చాలా అవసరం. ఢిల్లీ నుంచి రాత్రంతా బస్సులో మెలికలు తిరిగి పొద్దున్నే దిగితే ఆ విశ్రాంతి కాస్తా ఎగిరిపోయింది. వెనక ఇంకో బృందం వస్తోంది, గుడారాలు వాళ్ళకు కావాలి, ఇవాళే కదలండి అన్నారు. ఆ రోజుకు పుచ్చుకున్న డబ్బు మాత్రం వెనక్కి ఇవ్వలేదు. మూడు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు. ఇప్పటికీ రాస్తూనే ఉన్నాను, నాలుగోది మొన్ననే పోస్టు చేశాను. సరే, సరే, అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు.

జోబ్రా దాకా జీపు వెళుతుంది. ఆ మెలికల రోడ్డు జలవిద్యుత్ పథకం కోసం వేసింది. అక్కడి నుంచి నడక. దేవదారు చెట్లు, రాళ్ళ మీద ఉరికే రాణీ నాలా, గొర్రెలను మేపుకునే గద్దీలు. చికా అనే చోట మొదటి రాత్రి, సుమారు 3,100 మీటర్లు. మర్నాడు బాలూ కా ఘేరా, దగ్గర దగ్గర 3,600. బాలూ అంటే ఇసుక. నిజంగానే ఇసుక మేటలు, వాటి మధ్య పాయలుగా చీలిన ఏరు. చుట్టూ కొండలు లేకపోతే గోదావరి మధ్య ఏ లంకలోనో గుడారం వేశామనుకుంటారు.

అక్కడి ఏరు నన్ను ఆశ్చర్యపరిచింది. మన గోదావరి వరద ఏడాదికి ఒకసారి వస్తుంది. భద్రాచలంలో పెరిగిందని కబురొస్తే ఇక్కడ మనకు సర్దుకునే వ్యవధి ఉంటుంది. అక్కడ ప్రతి రోజూ వరదే. ఎండెక్కి మంచు కరిగే కొద్దీ ఏరు లేస్తుంది. పొద్దున మోకాలి లోతున దాటిన చోట సాయంత్రం దిగలేరు. రాత్రి మంచు బిగుసుకుంటే ఏరు మళ్ళీ తీస్తుంది. అందుకే గైడ్లు తెల్లవారకముందే లేపి, చేతులు పట్టించి దాటిస్తారు. చలికి తిట్టుకున్నాను గాని, ఇంజినీరుగా దండం పెట్టాను.

అన్నం సంగతి కూడా చెప్పాలి. అన్నం లేకపోతే మనకు యాత్ర ఏమిటి? ఎత్తుకు వెళ్ళే కొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది, నీళ్ళు ముందే మరుగుతాయి. ఇక్కడ 100 డిగ్రీలకు మరిగేవి ఆ గుడారాల దగ్గర 88కే తెర్లుతాయి. మరుగుతున్నాయి కదా అని గిన్నెలో బియ్యం పోస్తే గంట గడిచినా పలుకే. ప్రెషర్ కుక్కరు లేనిదే అక్కడ మెతుకు లేదు. మా ఆవిడ ఆ ఏడాది కొత్తావకాయ తీసుకువచ్చింది. రెండో రోజుకే వంటవాడు సీసా తనవైపు లాక్కున్నాడు. రొట్టెలో ఆవకాయ చుట్టుకుని, కళ్ళ నీళ్ళు కారుతుంటే నవ్వుతూ తిన్నాడు. ఆమె ఆ సీసా అతనికే వదిలేసింది.

ఆ ఒత్తిడే మనిషినీ పట్టుకుంటుంది. గాలిలో ప్రాణవాయువు అక్కడా ఇక్కడా 21 శాతమే. కాలువ కింద భూమి ఉన్నవాళ్ళకు చెబితే తెలుస్తుంది. తూము ఉంది, బోదె ఉంది, వెనక నెట్టే నీటిమట్టం లేదు. చేనుకు నీరెలా ఎక్కుతుంది? కనుమ దగ్గర గాలి ఒత్తిడి మన దగ్గరి దానిలో 60 శాతం. ఒళ్ళు దానికి అలవాటు పడాలంటే రోజులు కావాలి. మూడు వేల మీటర్లు దాటాక, పడుకునే చోటు ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు. మూడు నాలుగు రోజులకు ఒక రోజు ఆగాలి. కుర్రాడైనా, కసరత్తు చేసినవాడైనా ఇందులో మినహాయింపు లేదు.

వచ్చే జూన్‌లో ఇదే యాత్రకు పేర్లు ఇచ్చిన పిల్లలు ఇక్కడ ఉన్నారు కదా, ఒకసారి చేతులెత్తండి. పద్దెనిమిది... పంతొమ్మిది. మంచిది. చేతులు దించి వినండి. ఇక కాగితం చూడను.

నేను ఉద్యోగంలో ఉండగా, లాకు దగ్గర గేజి చూసి మూడు పూటలా రీడింగు రాయవలసిన లస్కరు ఒకడు, ఇంట్లో మంచం మీద కూర్చుని వారం రోజుల అంకెలు ఒకేసారి రాసేశాడు. ఒక రాత్రి నేను స్వయంగా దీపం పట్టుకుని వెళ్ళి చూస్తే పుస్తకంలో ఒక అంకె, రాయి మీద ఇంకో అంకె. మెమో ఇచ్చాను, ఇంక్రిమెంటు ఆపించాను. 'గేజి దగ్గర అబద్ధం ఆడితే ఊళ్ళు మునుగుతాయి' అని అందరి ముందూ నిలబెట్టి చెప్పాను. అతను తల వంచుకుని నిలబడ్డాడు. అతని పెళ్ళాం మా ఇంటికి వచ్చి ఏడ్చింది, నేను లెక్కచేయలేదు.

బాలూ కా ఘేరాలో సాయంత్రం గైడు ఒక్కొక్కరి వేలికి, రక్తంలో ప్రాణవాయువు ఎంతుందో చూపే ఆక్సీమీటరు పెడుతున్నాడు. కుల్లూ లోయ కుర్రాడు, పాతికేళ్ళు ఉండవు. నా వంతు రావడానికి ముందే గుడారం వెనక్కి వెళ్ళి, చేతులు రుద్దుకుని, పది సార్లు గట్టిగా ఊపిరి పీల్చి వచ్చాను. అంకె పెరిగింది. 'అంకుల్‌జీ, తల నొప్పిగా ఉందా?' అన్నాడు. హిందీ ప్రచార సభ పరీక్షల్లో రాష్ట్రభాష దాకా గట్టెక్కినవాణ్ణి. 'బిల్‌కుల్ నహీఁ' అన్నాను. అబద్ధానికి ఆ చదువు చాలింది. అప్పటికి తల రెండుగా చీలుతోంది. శాలువా కప్పించుకుని వచ్చినవాడు తలనొప్పి అని ఎలా చెబుతాడు?

మా ఆవిడకు హిందీ రాదు. చికాలోనే తల పట్టుకుని, 'బాబూ, ఇక్కడ బరువుగా ఉంది' అని తెలుగులోనే చెప్పింది. అతను మాత్ర వేశాడు, నీళ్ళు తాగించాడు, రాత్రి రెండు సార్లు వచ్చి చూశాడు. మర్నాటికి ఆమె కుదుటపడింది.

ధవళేశ్వరంలో గోదావరి 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. మనకు చిన్నపిల్లలకు కూడా తెలుసు. నా తలనొప్పి మొదటిది. కనుమ ఎక్కే రోజు తెల్లవారుజామున, నాలుగు వేల మీటర్ల చుట్టుపక్కల రాయి చాటున వాంతి చేసుకున్నాను. అది రెండోది. 'ఉప్మా పడలేదు' అన్నాను. అప్పటికి మా ఆవిడ మెల్లగా, ఒకే నడకతో, ముందు వరసతో వెళ్ళిపోయింది. వెనక గైడు రేడియోలో పిలిస్తే పెద్ద గైడు కిందికి దిగి వచ్చాడు. మంచు మీద కర్రతో ఒక గీత గీశాడు. మడమకు వేలు తగిలిస్తూ ఆ గీత మీద నడవమన్నాడు. అయ్యా, నేను పొలం గట్ల మీద పుట్టి పెరిగినవాణ్ణి. వాన రాత్రుల్లో, జానెడు గట్టు మీద, చేతిలో లాంతరుతో నడిచినవాణ్ణి. మూడో అడుగుకు పడిపోయాను. మళ్ళీ లేచాను. రెండో అడుగుకే పడ్డాను.

'నీచే' అన్నాడు గైడు. హిందీలో కిందికి అని అర్థం. నాకు తెలుగులోనే వినబడింది. ఎవరితో మాట్లాడుతున్నావో తెలుసా, నేను ఇంజినీరుగా రిటైరయ్యాను అని కేకలు వేశానట. నాకు గుర్తు లేదు, తర్వాత చెప్పారు. చెరో రెక్క పట్టుకుని ఇద్దరు మనుషులు నన్ను దించారు. దిగే కొద్దీ వరద తీసినట్టు తల తేలికపడింది. మనాలిలో డాక్టరు మెదడులో నీరు చేరడం మొదలైందని, ఇంకాస్త పైకి వెళ్ళి ఉంటే తన దగ్గరకు వచ్చేవాణ్ణి కాదని అన్నారు.

అంటే నేను కనుమ దాటలేదు. ఫ్లెక్సీలో రెండో తప్పు అదే.

మూడేళ్ళుగా ఎవరడిగినా 'మేము హంప్టా దాటాం' అని చెబుతూ వచ్చాను. చూశారా, తెలుగులో 'మేము' ఎంత సౌకర్యంగా ఉంటుందో! ఒకరు దాటినా చెల్లుతుంది. ఆ మాట చాటున ఇన్నాళ్ళు దాక్కున్నాను. దాటింది మా ఆవిడ. అప్పటికి ఆమెకు యాభై ఎనిమిదేళ్ళు. పైన రేడియోలో నా సంగతి తెలిసి వెనక్కి వస్తానందట. నన్ను దించడానికి ఇద్దరు పోయారు, ఆమెను పంపడానికి ఇంకో మనిషి లేడు. అవతలకు దిగి రోడ్డు అందుకోవడమే మేలన్నారు. కనుమ అవతలి మజిలీ షియా గోరూలో రాత్రి నిద్రపోలేదట. మర్నాడు ఛత్రూ దగ్గర చంద్రా నది ఒడ్డున రోడ్డెక్కి, మిగతావాళ్ళు చంద్రతాల్ సరస్సు చూడటానికి వెళుతుంటే ఆమె మాత్రం మనాలి జీపెక్కింది. అందరూ కలలు కనే ఆ సరస్సుకు ఆమె నా మూలంగా వెళ్ళలేదు. ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకు బాగుండేది.

అవతల ఎలా ఉంటుందని ఆసుపత్రి మంచం మీద అడిగాను. కుల్లూ వైపు పచ్చ గడ్డి, పూలు, మబ్బు. అటు లాహౌల్ వైపు చెట్టన్నది లేదు, రాయి, మట్టి, మంచు. వాన మబ్బులు ఇవతలే ఖాళీ అయిపోతాయి. 'పొలానికి గట్టు ఉన్నట్టు అక్కడ వానకు గట్టు ఉందండీ' అంది. ఆ మాటకు చప్పట్లు కొట్టినవాళ్ళు మీలో ఉన్నారు. కిందటేడు మూడు సభల్లో దాన్ని నా మాటగా చెప్పాను.

ఆ లస్కరు ఇప్పుడు లేడు. వాళ్ళ అబ్బాయి ఈ ఊళ్ళోనే ఉన్నాడు. ఆ ఇంటికి మొన్న వెళ్ళాను. అది వేరే సంగతి, ఇక్కడ చెప్పేది కాదు.

పిల్లలూ, మనాలిలో ఒక రోజు ఆగకుండా తీసుకువెళతామంటే డబ్బు పోయినా వెనక్కి రండి. తలనొప్పి వస్తే ఆ కుర్రాడికి చెప్పండి, ఏ భాషలోనైనా సరే. దిగమంటే దిగండి. మీకు ఎవరైనా శాలువా కప్పబోతే తిరిగొచ్చాక కప్పమనండి. మంచు బూట్లు, బట్టలు, ఎంత తినాలి, ఏం మోయాలి, ఆ గీత మీద నడిచేవాళ్ళు ఏం చూస్తారు, ఇవన్నీ నన్ను అడగకండి. దాటినవాళ్ళను అడగండి.

ఆమె ఇక్కడే ఉంది. మీకు సభ అయ్యాక ఇచ్చే పులిహోర పొట్లాలు వెనక గదిలో కడుతోంది. ఆహ్వానం నా పేరుతో వచ్చింది కాబట్టి ఆమెను వేదిక మీదికి ఎవరూ పిలవలేదు. నేనూ పిలవలేదు. బాబూ, నువ్వే, కిటికీ దగ్గరున్న అబ్బాయీ, వెళ్ళి పిలుచుకురా. రానంటుంది. గైడు పంపించాడని చెప్పు.

అధ్యక్షులవారూ, ఇంకో పది నిమిషాలు కావాలి, నాకు కాదు. చేతులు కడుక్కుని వస్తోందట. ఆ మైకు కాస్త కిందికి దించండి, ఆమె నాకంటే పొట్టి.