ఎంగిలితో వచ్చి, నెత్తుట్లో నిలిచి

శ్రోతలకు నమస్కారం. చెన్నైలో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేయడం నా పని. కిడ్నీ మార్పిడి చేయించుకుని చెకప్‌కి నెల్లూరు, సూళ్లూరుపేట, తిరుపతి వైపు నుంచి వచ్చే మనవాళ్లు మా దగ్గర ఎక్కువ. తెల్లవారుజామునే రైలెక్కి, సెంట్రల్లో దిగి, కొత్త కిడ్నీని ఒళ్లు తోసేయకుండా వేసుకునే టాక్రోలిమస్ మాత్ర పొద్దుట వేసుకోకుండా వచ్చి నిలబడతారు. రక్తం ఇచ్చాకే ఆ మాత్ర.

మొన్న ఒకావిడ, కొడుక్కి తన కిడ్నీ ఇచ్చిన తల్లి, రిపోర్టు పట్టుకుని అడిగింది: "ఏం నాయనా, ఆరు నెలలుగా వాణ్ణి గడప దాటనివ్వలేదు. నీళ్లు కూడా కాచి ఇస్తున్నా. ఈ వైరస్ ఎక్కణ్ణుంచి అంటుకుంది?"

రిపోర్టులో ఉన్నది ఎప్‌స్టీన్-బార్ వైరస్. 1964లో లండన్‌లో దీన్ని బయటపెట్టినవాళ్లు ముగ్గురు. మూడో ఆయన అచాంగ్ పేరు మాత్రం, పాపం, వైరస్ పేరులోకి ఎక్కలేదు.

"ఇప్పుడు రాలేదమ్మా, చిన్నప్పుడే వచ్చి ఉంటుంది" అన్నాను. ఇది ఎంగిలితో వస్తుంది. నమిలి పెట్టిన ముద్ద, ఒకే గ్లాసులో నీళ్లు, చొక్కా అంచు కప్పి కొరికి 'కాకి ఎంగిలి' అని పంచుకున్న బిళ్ల... దారులకేం తక్కువ? పిల్లల్లో చాలామందికి వచ్చిన సంగతే తెలియదు. పెద్దవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా ఒంట్లో ఉంటుంది.

మరి ఇన్నేళ్లు ఎక్కడుంది? ఊదామూత గొట్టంలో తీసిన రక్తాన్ని యంత్రంలో గిరగిరా తిప్పితే పైన పసుపు నీరు, అడుగున ఎర్రకణాలు తేరుకుంటాయి. రెండింటి మధ్య పాలమీగడలా ఒక సన్నని తెల్ల పొర. తెల్లకణాలన్నీ అందులోనే. వాటిలో 'బి' కణాలని ఉన్నాయి. ఒకసారి చూసిన క్రిమిని ఏళ్ల తరబడి గుర్తుంచుకునే రకం కూడా వాటిలో ఉంది. ఈ వైరస్ చేరింది సరిగ్గా అందులోనే. దీర్ఘాయుష్షున్న ఇల్లు చూసుకుంది!

అక్కడ చేరాక నోరు మెదపదు. మన కణం ఏ ప్రోటీన్ తయారుచేసినా దాని ముక్కని గుమ్మంలో పెట్టినట్టు పైకి చూపిస్తుంది. 'టి' కణాలు కాపలా తిరుగుతూ, కొత్త ముక్క కనబడితే ఆ కణాన్ని చంపేస్తాయి. వైరస్ ఏ ప్రోటీనూ చేయకపోతే చూపించడానికి ఏముంటుంది? దాని డీఎన్ఏ చిన్న ఉంగరంలా చుట్టుకుని పడి ఉంటుంది. కణం రెండుగా చీలేటప్పుడు మాత్రం, రెండింటిలోకీ తన నకలు వెళ్లేలా ఒకే ఒక్క ప్రోటీన్ చేసుకుంటుంది. ఆరోగ్యవంతుల్లో పది లక్షల 'బి' కణాల్లో వైరస్ ఉన్నవి ఒకటి నుంచి యాభై దాకా, అంతే.

మార్పిడి కిడ్నీని ఒళ్లు తోసేయకుండా ఇచ్చే మందులు ఆ 'టి' కాపలానే పట్టి ఉంచుతాయి. అప్పుడు వైరస్ ఉన్న కణాల లెక్క పెరుగుతుంది. అయినా రక్తంలో దొరికేవి చాలావరకు అవే నిద్రాణ కణాలు. కాపలా మరీ సడలితే, వైరస్ ఉసిగొల్పిన 'బి' కణాలు అదుపు లేకుండా పెరిగి లింఫోమా అనే క్యాన్సర్‌గా మారవచ్చు. అందుకే మాటిమాటికీ ఈ పరీక్ష.

వైరస్‌కి మందు వేసేయొచ్చుగా అంటారు. ఎసైక్లోవిర్ లాంటివి వైరస్ తన నకళ్లు తీసుకుంటున్నప్పుడే పనిచేస్తాయి. నిద్రపోతున్నదాన్ని అవేం చేయలేవు. కాబట్టి డాక్టర్లు ముందు చూసేది మందు కలపడం కాదు, రోగనిరోధక శక్తిని అణిచే మాత్రలను కాస్త తగ్గించడం. ఎక్కువ తగ్గిస్తే కిడ్నీకి ముప్పు. ఆ టెన్షన్ వాళ్లది.

ఆ అబ్బాయికీ ఒక మాత్ర తగ్గించారు. తల్లి మాత్రం అక్కడే ఆగిపోయింది. "అయితే నా ఎంగిలేనా నాయనా?"

నాన్నమ్మదో, పక్కింటి పిల్లాడిదో ఎవరు చెప్పగలరు? మీరిచ్చిన కిడ్నీతోనూ వచ్చి ఉండొచ్చు అనబోయి, ఊరుకున్నాను.

బయట బెంచీ మీద క్యారేజీ విప్పింది. ఇడ్లీ ముక్క తుంచి కొడుకు నోటిదాకా తీసుకెళ్లి, నా వైపు చూసి ఆగింది.

"చెయ్యి కడుక్కున్నారా?"

"కడుక్కున్నా."

"అయితే పెట్టండమ్మా."