భీమిలిలో పాత గోడలన్నీ బ్రిటిష్ వాళ్ళవేనా?

విశాఖ నుంచి బీచ్ రోడ్డు పట్టుకుని భీమిలి వెళ్తారు. ఏదో పాత బంగళా ముందు ఫోటో దిగుతారు. కింద "బ్రిటిష్ కాలం నాటిది" అని రాసేస్తారు. నాకు ఒళ్ళు మండేది అక్కడే! భీమిలిలో బ్రిటిష్ వాళ్ళు రెండో విడతలో దిగిన అద్దెవాళ్ళు. మొదట దిగింది డచ్చివాళ్ళు.

17వ శతాబ్దంలో, గోల్కొండ సుల్తానుల ఏలుబడిలో, గోస్తని నది సముద్రంలో కలిసే చోట డచ్ ఈస్టిండియా కంపెనీ మకాం పెట్టింది. వాళ్ళకు కావలసింది మన నేత బట్ట. దాన్ని తూర్పు దీవులకు పట్టుకెళ్ళి లవంగాలు, జాజికాయ కొనేవారు. మధ్యలో యుద్ధాలప్పుడు ఇంగ్లీషువాళ్ళు ఊరిని లాక్కోవడం, తిరిగి ఇవ్వడం జరిగాయి. ఆ గొడవ మనకొద్దు.

1824లో ఇద్దరూ లండన్‌లో కూర్చుని ఒప్పందం రాసుకున్నారు. ఇండియాలోని డచ్చి స్థావరాలు ఇంగ్లీషువాళ్ళకు, సుమత్రాలోని బెంకూలెన్ డచ్చివాళ్ళకు. అద్దెవాళ్ళిద్దరూ ఇళ్ళు మార్చేసుకున్నారు, ఊళ్ళోవాళ్ళను మాట మాత్రమైనా అడగలేదు! 1825లో భీమిలి తాళాలు చేతులు మారాయి.

కొత్తగా దిగినవాడు ఊరుకుంటాడా? సున్నం వేయిస్తాడు, వసారా దింపుతాడు, గోడ కొట్టి గది కలుపుతాడు. అందుకే ఇంటిని చూసి అది ఎవరిదో తేల్చడం కష్టం. సమాధుల జోలికి మాత్రం ఏ అద్దెవాడూ పోడు. కాబట్టి ముందు డచ్చి శ్మశానానికి వెళ్ళండి.

[తెరపై: సమాధులు, దగ్గరగా]

పైకి పోనుపోను సన్నబడే ఈ కట్టడాలు చూడండి. ఈ రాతిపలక మీద ఉన్నవి ఇంగ్లీషు అక్షరాల్లాగే కనిపిస్తాయి. కూడబలుక్కుని చదివితే ఒక్క ముక్క అర్థం కాదు. అది డచ్చి భాష మరి. (దయచేసి వీటి మీదికెక్కి సెల్ఫీలు దిగకండి.)

సమయం అయిపోతోంది, గబగబా చెప్పేస్తాను. సెయింట్ పీటర్స్ చర్చి, 1861లో ఏర్పడిన మునిసిపాలిటీ, ఈ రెండూ రెండో అద్దెవాళ్ళ హయాంలోవి. వీటి కింద బ్రిటిష్ అని నిక్షేపంగా రాసుకోండి. ఈ రేవు నుంచి ఓడలెక్కిన మన గోగునారకు విదేశీ మార్కెట్లో బిమ్లీ జూట్ అని ఊరి పేరే పడింది. ఇక పావురాళ్ళకొండ మీది బౌద్ధారామం ఈ అద్దెవాళ్ళందరికంటే ఎన్నో శతాబ్దాలు పాతది. దానికి వేరే వీడియో చేస్తాను. ఈలోగా మీరే ఎక్కుతామంటే ఎండ ముదరకముందే బయల్దేరండి, నీళ్ళ సీసా మరవకండి.