ఏడు కోట్లకి చప్పట్లు కొట్టారు కదా, దేనికి?

ఆ క్లిప్ మీరు చూసే ఉంటారు. 2019 ఆగస్టు, కాలిఫోర్నియాలోని మాంటెరేలో ఆర్‌ఎం సోథబీస్ కంపెనీ వాళ్ళ పాత కార్ల వేలం. స్టేజీ మీద టైప్ 64 అనే 1939 నాటి పోర్షే కారు. వేలం వేసే ఆయన ‘థర్టీన్ మిలియన్’ అన్నాడు, అంటే 1.3 కోట్ల డాలర్లు. స్క్రీన్ మీద మాత్రం ‘థర్టీ’, మూడు కోట్ల డాలర్లు పడింది. తర్వాత నాలుగు, ఐదు, ఆరు, ఏడు కోట్లు! జనం ఈలలు, చప్పట్లు, చేతుల్లో ఫోన్లు. ఆఖర్న ‘అది సెవెంటీ కాదు, సెవెంటీన్’ అని స్క్రీన్‌ని 1.7 కోట్లకి దించారు. ఇక గోలే గోల. కారు అమ్ముడుపోలేదు.

అందరూ స్క్రీన్‌ని తిట్టారు, ఆయన యాసని తిట్టారు. నా మంట వేరే. ఏడు కోట్లు అని పడగానే ఆ హాల్లో ఎంతమందికి ‘ఇదెక్కడి రేటు బాబూ’ అనిపించింది? నమ్మేశారు! నమ్మక ఏం చేస్తారు? అలాంటి కారు పక్కన పెట్టి పోల్చడానికి ఇంకో కారు ఉంటేగా! రెండో ప్రపంచ యుద్ధానికి ముందు కార్ల వేలంలో పాట పాడేది కథ మీద. ఇనుము మీద కాదు.

ఆ టైప్ 64నే చూడండి. బెర్లిన్–రోమ్ రేసు కోసం మూడు కట్టారు. యుద్ధం వచ్చింది, రేసు జరగనే లేదు. డిజైన్ ఫెర్డినాండ్ పోర్షే బృందానిది, లోపలి సరుకు చాలావరకు ఫోక్స్‌వాగన్‌ది. పోర్షే పేరుతో వచ్చిన మొదటి కారుగా ఆ కంపెనీ లెక్కేసేది 1948 నాటి 356ని. మరి ఇది పోర్షేనా? అవునంటే ఆ వంశానికే ముత్తాత. కాదంటే అందమైన ఫోక్స్‌వాగన్. రెండు జవాబులకీ కారు అదే!

ఇది చాలదా? బెంట్లీ ‘ఓల్డ్ నంబర్ వన్’ కేసు వినండి. ఫ్రాన్స్‌లో జరిగే 24 గంటల లె మాన్ రేసుని 1929లో, 1930లో గెలిచిన కారు, మోడల్ స్పీడ్ సిక్స్. దాన్ని కోటి పౌండ్లకి కొంటామని మాటిచ్చిన కంపెనీ వెనక్కి తగ్గింది, ‘ఇది ఆ కారే కాదు’ అంది. వాళ్ళనడంలోనూ న్యాయం ఉంది. రేసు కారు కదా, భాగాలు మారుస్తూనే పోయారు, ఇంజన్ మారింది, బాడీ మారింది. 1990లో లండన్ హైకోర్టు జడ్జి ఏమన్నారు? అసలు భాగాలు మిగిలింది బహు తక్కువే, కానీ చరిత్ర ఎక్కడా తెగలేదు, కాబట్టి ఆ పేరు దీనిదే. డబ్బు కట్టాల్సిందే!

అంటే చట్టం కూడా ఇనుముని పక్కన పెట్టి కథకే ఓటేసింది. అందుకే నా థియరీ: కారు ఎంత తక్కువ మిగిలితే కథ అంత బాగా పలుకుతుంది. నవ్వకండి. ఇటలీ–స్విట్జర్లాండ్ సరిహద్దులోని మజోరె సరస్సు అడుగున దశాబ్దాలు కుళ్ళిన 1925 నాటి బుగట్టి బ్రెషియా కారుని 2009లో బయటికి లాగారు. ఒక పక్క మొత్తం తుప్పు తినేసింది. మరుసటి ఏడాది పారిస్‌లో బోనమ్స్ వేలంలో 2,60,500 యూరోలు! కొన్నాయన బాగు చేయించలేదు సరికదా, అలాగే మ్యూజియంలో పెట్టాడు. బాగుచేస్తే కథ పోతుంది మరి!

ఇంకోటి. ఆ రోజుల్లో డబ్బున్నవాళ్ళు చాలామంది ఛాసిస్, అంటే ఇంజన్, చక్రాలున్న కింది చట్రం మాత్రం కంపెనీలో కొని, బాడీ వేరే కోచ్‌బిల్డర్ (కారు బాడీలు కట్టేవాడు) దగ్గర కట్టించుకునేవారు. మోజు తీరితే ఆ బాడీ తీసేసి కొత్తది. తర్వాత తరం ఇంకో అడుగు వేసింది. పైకప్పున్న నాలుగు తలుపుల కారుకి రేటు తక్కువ, టాపు లేని స్పోర్ట్స్ టూరర్‌కి ఎక్కువ. ఇంకేముంది, ఎన్ని మంచి సెడాన్లని కోసిపారేశారో! కేటలాగ్‌లో ‘ఫలానా స్టైల్‌లో బాడీ’ అని చిన్నగా రాసి ఉంటే అర్థం అదే. ఆ ‘స్టైల్‌లో’ అన్నచోట వేలు పెట్టి అడగండి.

కాబట్టి ఇంజన్ చప్పుడికి మురిసిపోయే ముందు ఫైలు తెరవండి. ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు, బాడీ నంబరు, ఆనాటి ఫోటోలు, చేతులు మారిన కాగితాలు. మధ్యలో పదేళ్ళు ఖాళీ ఉంటే అక్కడే ఆగండి. నిబంధనలు కూడా చదవండి. చాలాచోట్ల రిజర్వు ధర (ఇంతకన్నా తక్కువకి అమ్మనని అమ్మేవాడు పెట్టుకున్న ధర) వచ్చేదాకా అమ్మేవాడి తరఫున వేలం వేసేవాడే పాట పెంచుకోవచ్చు. అంటే మీరు పోటీ పడుతున్నది గోడతో కావచ్చు! గెలిచాక ఆ ధర మీద బయ్యర్స్ ప్రీమియం (కొన్నవాడు వేలం కంపెనీకి కట్టే రుసుము) వేరే, పది శాతమో ఇంకా ఎక్కువో.

బెంట్లీ జడ్జి చెప్పింది తప్పనుకునేవాళ్ళు కింద కామెంట్లో రండి. మొదటి ప్రశ్న నాదే: ఎన్ని భాగాలు మారితే కారు ఆ కారు కాకుండా పోతుంది? లెక్క చెప్పి మరీ వాదించండి.