కాలువ కట్టేసిన రోజుల్లో కాటన్ జయంతి

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, ఇంత ఎండలో శ్రమపడి వచ్చిన గ్రామస్థులకు, మా అక్కచెల్లెళ్ళకు నమస్కారాలు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట గురించి నాకంటే ముందు మాట్లాడినవారు విపులంగా చెప్పారు గనుక, నేను నేరుగా మన గన్నవరం అక్విడెక్టు దగ్గరికి, అంటే ఏటి మీదుగా కాలువను దాటించే వంతెన దగ్గరికి వస్తాను.

ధవళేశ్వరంలో గోదావరిని నిలిపినంత మాత్రాన గోదావరి పాయల నడుమనున్న మన నగరం లంకకు నీరు రాలేదు. నడుమ వైనతేయ పాయ ఉంది; కాలువను అందులో కలిపితే నీరంతా సముద్రం పాలవుతుంది. అందుకని కాటన్ దొర దగ్గర పనిచేసిన హేగ్ అనే సైనిక ఇంజనీరు, ఆ పాయ మీద 49 కమానులు కట్టించి, వాటి పైనుంచి కాలువనే ఏరు దాటించాడు. ఆనకట్ట పనుల్లో కాటన్ దొరకు తోడు నిలిచిన వీణెం వీరన్న గారి పేరైనా మనకు మిగిలింది కానీ, ఏటిలో దిగి పునాదులు తవ్విన కూలీల పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు.

అందరూ ఆ నీటిని వరితో కొలుస్తారు. మా నాయనమ్మ మాత్రం పప్పుతో కొలిచేది. మా నూతినీళ్ళలో కందిపప్పు ఎంతసేపు కాచినా ఉడికేది కాదు. కాలువ నీళ్ళు పోస్తే ఇట్టే మెత్తబడేది. శివారు ఊళ్ళకు ఆ కాలువ ముందు మంచినీళ్ళు, తరువాతే పంట.

అయ్యా, చప్పట్లు తరువాత కొట్టవచ్చు, ముందు ఈ మాట వినండి. జయంతి మే 15న వస్తుంది. దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతలై కాలువలకు నీరు ఆపి కట్టేసే కాలమది. దండ వేస్తున్న ఈ విగ్రహం పక్కనే కాలువ ఎండి నెర్రెలిచ్చి ఉంది. కట్టేసే ముందు ఊరచెరువు నింపుకుంటేనే వేసవి గడుస్తుంది. కిందటేడు మేము తూము తెరిచేసరికి పైనున్న మోటార్లు చేపల చెరువులకు తోడగా మిగిలిన నీరే వచ్చింది. మోకాటి లోతు. తరువాత రెండు నెలలూ మా ఊరు డబ్బా నీళ్ళు కొనుక్కుని తాగింది.

కొత్త అక్విడెక్టుకు డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టుకున్నాం, అపరాత్రి తలుపు తట్టినవారికీ అన్నం వండిపెట్టిన తల్లి పేరు. ఆ పేరున్న వంతెన మీదుగా వచ్చే నీటికి మేము దేబిరించవలసి వస్తున్నది.

పై ఊళ్ళ రైతులు ఈ సభలో చాలామందే ఉన్నారు. వచ్చే ఏడు కాలువ కట్టేసే ముందు వారం రోజులు మోటార్లు ఆపుతారా? అవునో కాదో ఇక్కడే చెప్పండి. అంతదాకా నేను ఈ మైకు వదలను.